ఆరుగురిలో ఎవడు గొప్ప? మార్వెల్ సంపాదకులకు బహిరంగ లేఖ

న్యూయార్క్‌లోని మార్వెల్ కామిక్స్ ప్రధాన సంపాదకులవారికి,



మీ ‘అఫీషియల్ హ్యాండ్‌బుక్’ను మళ్లీ అచ్చువేసే రోజు వస్తే, విలన్ జట్ల పేజీల్లో ఒక చిన్న మార్పు చెయ్యమని అడగడానికి ఈ ఉత్తరం. తెలుగులో ఎందుకంటే, తగాదా తెలుగులో నడుస్తోంది. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద, కామిక్ కాన్ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు గేటు ముందు వరసలో, హాస్టల్ గదుల్లో తెల్లవారేదాకా సాగే తగాదా. స్పైడర్‌మ్యాన్ మీదికి కట్టగట్టుకుని వచ్చిన సినిస్టర్ సిక్స్‌లో అందరికంటే బలవంతుడెవడు? ఈ ఒక్క ప్రశ్న మీద ప్రాణస్నేహితులు మాటలు మానుకునేదాకా వెళ్లడం చూశాను. ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చుకున్నది మీ పుస్తకాన్నే. కాబట్టి ఇందులో మీ వాటా కూడా ఉంది.

మొదటి హ్యాండ్‌బుక్ 1983 జనవరి తేదీతో వచ్చింది. దాని వెనకున్న మనిషి మార్క్ గ్రూన్‌వాల్డ్. ఆయనకు కామిక్స్ మీద ఎంత ప్రేమంటే, 1996లో ఆయన పోయాక, ఆయన కోరుకున్నట్టే చితాభస్మాన్ని సిరాలో కలిపి ‘స్క్వాడ్రన్ సుప్రీమ్’ సంపుటిని అచ్చేశారు. అలాంటివాడు కూర్చుని కట్టిన లెక్కల్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. ఎవడు ఎన్ని టన్నులు ఎత్తుతాడు, నూరు టన్నులు దాటినవాళ్లు ఎవరెవరు, ఎవడి శక్తి ఎక్కడ ఆగిపోతుంది అని ఆయన ఓపిగ్గా రాయించాడు. తరవాతి కాలంలో ఆ లెక్కలు ఆరు గీతలుగా కుదించుకుపోయాయి. తెలివి, బలం, వేగం, దెబ్బకు తట్టుకోవడం, శక్తిని ప్రయోగించడం, పోరాట నైపుణ్యం. ఒక్కోదానికి ఏడు మార్కులు.

మార్కులంటే మా దగ్గర ఎంత పిచ్చో మీకు తెలియదు. పరీక్షల ర్యాంకులు ఫొటోలతో సహా హోర్డింగుల మీద కట్టే ఊళ్లలో పెరిగిన పిల్లల చేతికి మీరు ఏడు మార్కుల పట్టిక ఇచ్చారు. వాళ్లు ఇంకేం చేస్తారు? కూడుతారు. కూడగా ఎవడికి ఎక్కువొస్తే వాడు ఫస్టు.

ఆ లెక్కన చూస్తే పోటీ శాండ్‌మ్యాన్‌కూ ఎలక్ట్రోకూ మధ్యే. శాండ్‌మ్యాన్‌ను గుద్దితే గుద్దినవాడి చెయ్యి ఇసుకలో దిగబడి అవతలికి వస్తుంది. కావాలంటే బండలా గట్టిపడతాడు, వద్దనుకుంటే తలుపు సందులోంచి జారిపోతాడు. ఎలక్ట్రో సంగతి సరేసరి. పాత హ్యాండ్‌బుక్ ప్రకారం వాడి ఒంట్లో కరెంటు నిమిషానికి సుమారు 1,000 వోల్టుల చొప్పున పోగవుతూ 1,00,000 దాకా వెళుతుంది. అంటే పూర్తిగా ఖాళీ అయినవాడు మళ్లీ నిండడానికి గంటా నలభై నిమిషాలు. వోల్టులను నిమిషాల లెక్కన పోగుచెయ్యడమేమిటని మా ఎలక్ట్రికల్ బ్రాంచి కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వుతూనే ఎలక్ట్రో తరఫున వాదిస్తారు, బ్రాంచి అభిమానం. ఇక మిగిలిన నలుగురు పట్టికలో పాపం వెనకబెంచీ. రెక్కలు కట్టుకున్న ముసలివాడు వల్చర్. సింహం జూలు చొక్కా తొడుక్కుని అడవి కషాయం తాగే వేటగాడు క్రేవెన్. సినిమాల్లో ట్రిక్కులు చేసి చేసి నేరాల్లోకి దిగిన మిస్టీరియో. నాలుగు లోహపు చేతులు ఊడదీస్తే మెట్లెక్కినా ఆయాసపడేలా ఉండే లావాటి శాస్త్రవేత్త డాక్టర్ ఆక్టోపస్.

ఇప్పుడు ఈ పట్టిక పక్కన పెట్టి కథ తీద్దాం. 1964లో వచ్చిన మొదటి స్పైడర్‌మ్యాన్ యాన్యువల్, స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలది. అప్పటికి ఈ ఆరుగురూ పుట్టి రెండేళ్లు కూడా కాలేదు. వల్చర్, ఆక్టోపస్, శాండ్‌మ్యాన్ 1963లో స్పైడర్‌మ్యాన్ పత్రిక రెండు, మూడు, నాలుగు సంచికల్లో వరసగా వచ్చారు. మిగతా ముగ్గురూ 1964లో. ఒక్కొక్కడూ విడిగా స్పైడర్‌మ్యాన్ చేతిలో తన్నులు తిన్నవాడే. ఆ తన్నులు తిన్నవాళ్లను ఒకచోట కూర్చోబెట్టినవాడు ఆక్టోపస్. కూర్చోబెట్టాక ఏం చేశారు? ఆరుగురూ ఒక్కసారిగా మీద పడి ఉంటే ఆ రోజుతో పత్రిక మూసేసుకోవలసిందే. కానీ వీళ్లు చీట్లు తీసుకున్నారు! ముందు ఎలక్ట్రో, తరవాత క్రేవెన్, తరవాత మిస్టీరియో, ఇలా వంతులు వేసుకున్నారు. ఒకడు ఓడిపోతే తరవాతివాడు ఎక్కడున్నాడో చెప్పే కార్డు స్పైడర్‌మ్యాన్‌కు దొరుకుతుంది. ఒక్కో పోరుకు డిట్కో ఒక నిండు పేజీ బొమ్మ గీశాడు. గాలి చొరని ఉక్కు గదిలో శాండ్‌మ్యాన్‌తో పెనుగులాట, పెద్ద చేపల తొట్టిలో నీళ్ల కింద ఆక్టోపస్‌తో కుస్తీ. ఇవాళ తీసి చూసినా కళ్లు తిప్పుకోలేం. అంతకంటే నాకు నచ్చేది స్పైడర్‌మ్యాన్ పిన్ని మే. ఆక్టోపస్ తనను ఎత్తుకొచ్చాడని కూడా తెలియక, ఎంత మర్యాదస్థుడో అని మెచ్చుకుంటుంది. ఆ నవ్వులాటలో ఒక నిజం దాగుంది. ఆ ఆరుగురిలో ఇంటికొచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడగలిగినవాడు ఆక్టోపస్ ఒక్కడే.

నా వాదన ఇదే. జట్టులో ఒకడి బలం తెలియాలంటే వాణ్ణి జట్టులోంచి తీసేసి చూడాలి. తీసేశాక ఏం మిగిలిందన్నదే వాడి మార్కు.

శాండ్‌మ్యాన్‌ను తియ్యండి, ఎలక్ట్రోను తియ్యండి, జట్టు నడుస్తుంది. ఆ ఖాళీలో ఇంకొకణ్ణి వేసుకుంటారు. వేసుకున్నారు కూడా. 1990లో డేవిడ్ మిచెలినీ, ఎరిక్ లార్సెన్ జట్టును తిరిగి కూర్చినప్పుడు క్రేవెన్ లేడు, వాడి చోట హాబ్‌గాబ్లిన్ వచ్చాడు. 2012 నాటి జట్టులో రైనో, కమీలియన్ ఉన్నారు. ఆరు కుర్చీల్లో ఐదు ఎప్పుడూ చేతులు మారుతూనే ఉన్నాయి. మరి ఆక్టోపస్‌ను తీసేస్తే? అదీ మీవాళ్లు చేసి చూశారు. 1999లో శాండ్‌మ్యాన్ తానే నాయకుడై జట్టు కట్టాడు, బలం చాలదని వెనమ్‌ను కూడా కలుపుకున్నాడు. మార్కులు కూడితే అంతకు ముందున్న ఏ ఆరుగురి కంటే అదే గట్టి జట్టు. చివరికి ఏమైంది? వెనమ్ తిరగబడి తనవాళ్ల మీదే పడ్డాడు. స్పైడర్‌మ్యాన్‌కు పెద్ద పని లేకుండా పోయింది.

మార్కులు కూడినంత మాత్రాన జట్టు కాదన్న విషయం మాకు మీ కామిక్స్ చూసి తెలియలేదు. మా భారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలో యుద్ధానికి ముందు దుర్యోధనుడు భీష్ముణ్ణి అడుగుతాడు, మనవైపు ఎవరెవరు ఎంతెంతవాళ్లో చెప్పమని. రథులు, అతిరథులు, మహారథులు అంటూ తాత పేరుపేరునా లెక్క కడతాడు. మీ హ్యాండ్‌బుక్‌కు కొన్ని వేల ఏళ్ల ముందుదే ఆ పట్టిక. కట్టి కట్టి కర్ణుడి దగ్గరికొచ్చి అర్ధరథుడన్నాడు. ద్రోణుడు ఔనన్నాడు. కర్ణుడికి ఒళ్లు మండింది. భీష్ముడు ఉన్నంతకాలం యుద్ధంలో అడుగుపెట్టనన్నాడు, పెట్టలేదు. భీష్ముడు పడిపోయింది పదో రోజున. పదకొండు అక్షౌహిణులున్న జట్టు తన మేటి విలుకాడు లేకుండా పదిరోజులు పోరాడింది, కేవలం ఒక మార్కుల పట్టిక పుణ్యమా అని. కర్ణుణ్ణి విలన్ల లెక్కలో వేశానని మావాళ్లు నా మీదికి రాకముందే చెబుతున్నాను, ‘దానవీరశూరకర్ణ’ చూసి పెరిగినవాణ్ణే, ఆయన మీద నాకూ గౌరవమే. నేనంటున్నది పట్టిక గురించి. అంతమంది మేటివాళ్లలో ఒకడు అలిగి గుడారంలో కూర్చుంటే బతిమాలి తీసుకొచ్చే పెద్దమనిషి లేకపోవడం గురించి.

ఆక్టోపస్ బతిమాలే రకం కాదు. బెదిరిస్తాడు. 1990 కథలో శాండ్‌మ్యాన్ అప్పటికే మంచిమార్గం పట్టి ఒక కుటుంబం ఇంట్లో అద్దెకుంటున్నాడు. ఆ కుటుంబం జోలికి వస్తానని ఆక్టోపస్ బెదిరిస్తే ఇష్టం లేకపోయినా కలిశాడు. చివర్లో ఎదురుతిరిగితే వాణ్ణి గాజుగా మార్చేశాడు. మీ పట్టికలో తట్టుకునే శక్తి కింద ఎక్కువ మార్కులున్నవాడు, ఒంటికి దెబ్బ తగలనివాడు, బీరువాలో పెట్టుకునే గాజుబొమ్మ అయ్యాడు. అది చేసినవాడికి మీ పట్టికలో ఎత్తే బలం తక్కువ. ఇద్దరిలో బలవంతుడెవడని ఆ కథ చదివినవాణ్ణి అడగండి.

ఇక్కడ నాతో విభేదించేవాళ్లు ఒక గట్టి మాట అంటారు. నాయకత్వం వేరు, బలం వేరు, మేనేజరు ఫ్యాక్టరీ నడిపినంత మాత్రాన క్రేను కంటే బలవంతుడు కాడు అంటారు. ఒప్పుకుంటాను. అందుకే ఆక్టోపస్ నాయకుడు కాబట్టి గొప్పవాడని నేననను. వాడి లెక్క చివరికి ఎక్కడ తేలిందో చూడమంటాను. 2012 నాటికి డాన్ స్లాట్ రాసిన కథల్లో వాడి ఒళ్లు పూర్తిగా పాడైపోయింది, యంత్రాల ఆసరా లేకపోతే ఊపిరాడదు. ఆ స్థితిలో జట్టు కట్టి అవెంజర్లనే పడగొట్టాడు. ఆ ఏడాది చివర స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న పీటర్ పార్కర్ ఒంట్లోకి తన మనసును ఎక్కించుకుని, పీటర్‌ను తన చచ్చిపోతున్న ఒంట్లో వదిలేశాడు. 700వ సంచికలో పీటర్ పోయాడు. తరవాత ఏడాదికి పైగా ఆ ముసుగు వెనకున్నది ఆక్టోపస్సే. నూరు టన్నులు ఎత్తేవాళ్లెవరూ చెయ్యలేని పనిని మంచం మీదున్నవాడు చేశాడు. దీనికి మీ ఆరు గీతల్లో ఏ గీత కింద మార్కులు వేస్తారు? తెలివి అంటారు. తెలివికి ఏడు వేసినా అది ఎలక్ట్రో కరెంటు పక్కన ఇంకో గీతే, కూడికలో ఒక అంకె.

నా వాదనకు గండి కొట్టగలిగినవాడు ఒక్కడున్నాడు. క్రేవెన్. 1987లో జె. ఎం. డెమాటీస్ రాసి మైక్ జెక్ బొమ్మలు వేసిన కథలో వాడు స్పైడర్‌మ్యాన్‌ను పడగొట్టి బతికుండగానే పాతిపెట్టాడు. రెండువారాలు ఆ దుస్తులు తానే వేసుకుని ఊళ్లో తిరిగాడు. తాను గెలిచానని తేల్చుకున్నాక తుపాకి పెట్టుకుని ప్రాణం తీసుకున్నాడు. చీట్లు తీసుకునే జట్టులో రెండోవాడిగా వచ్చి ఓడిపోయినవాడు, ఒంటరిగా వచ్చినప్పుడు గెలిచాడు. నాకు మీ కథలన్నిట్లో ఇదే ఎక్కువ ఇష్టం. కానీ ప్రశ్న జట్టులో బలవంతుడెవడని. క్రేవెన్‌కు జట్టు అంటేనే ఊపిరాడదు. వేటలో పక్కవాడు ఉంటే అది వాడికి వేట కాదు. ఒంటరిగా వాడికి ఎన్ని మార్కులైనా వేస్తాను, జట్టులో మాత్రం పాస్ మార్కులే. ఒకే మనిషికి రెండు వేర్వేరు లెక్కలు ఉంటాయని మీ పట్టిక ఒప్పుకోదు.

మిస్టీరియో గురించి ఒక్కమాట, ఎందుకంటే వాణ్ణి అడుగున వేసేవాళ్ల మీద నాకు నిజంగానే కోపం. ఒంటి బలం మామూలు మనిషిది. 2008లో మొదలైన ‘ఓల్డ్ మ్యాన్ లోగన్’లో మాత్రం వుల్వరిన్‌కు శత్రువులు దాడి చేస్తున్నట్టు భ్రమ కల్పించి, వాడి గోళ్లతోనే ఎక్స్‌మెన్‌ను చంపించినవాడు మిస్టీరియో. వేరే కాలంలో జరిగే కథే కావచ్చు. అయినా, శాండ్‌మ్యాన్ ఎక్స్‌మెన్‌ను ఒంటిచేత్తో తుదముట్టించిన కథ ఏ కాలంలో ఉందో చూపించమనండి.

ఇది స్పైడర్‌మ్యాన్ పత్రికకే చెల్లే మాట కాదని చెప్పడానికి మాస్టర్స్ ఆఫ్ ఈవిల్ అనే ఇంకో విలన్ జట్టు చాలు. 1986, 87లలో రోజర్ స్టెర్న్, జాన్ బుసెమా చేసిన కథలో బ్యారన్ జీమో, ఏ అతీతశక్తీ లేనివాడు, డజనుకు పైగా విలన్లను కూడగట్టి అవెంజర్ల భవనాన్నే ఆక్రమించాడు. హెర్క్యులిస్ అంతటివాణ్ణి కోమాలోకి పంపారు. పట్టిక ప్రకారం ఆ గుంపులో బరువెత్తేవాళ్లు గొలియత్, రెకింగ్ క్రూ, ఇంకా ఎవరెవరో. పథకం మాత్రం నిలబడింది బ్లాకౌట్ మీద. ఆ భవనాన్ని చీకటితో బయటి ప్రపంచం నుంచి కోసేసినవాడు వాడే, మనసు చెదిరిపోయి జీమో ఎలా ఆడిస్తే అలా ఆడేవాడు. వాడి మనసు జీమో చేతిలోంచి జారగానే ఆక్రమణ కూలిపోయింది. బలాబలాల చర్చలో బ్లాకౌట్ పేరెత్తే అభిమాని నాకు ఒక్కడూ తగల్లేదు. పదేళ్ల తరవాత అదే జీమో తనవాళ్లకు హీరో వేషాలు వేసి థండర్‌బోల్ట్స్ అని జనం మీదికి వదిలాడు. వేషం వేసుకున్నవాళ్లకు ఆ మెప్పు రుచించి, చివరికి వాడికే ఎదురుతిరిగారు. అంటే కూడగట్టే బలం కూడా కరిగిపోతుంది. దానికి శాశ్వతంగా ఒక అంకె అచ్చు వెయ్యడం కుదరదు.

వీళ్లను ఒకచోట చేర్చడం ఎంత కష్టమో సినిమావాళ్లను అడిగినా చెబుతారు. సోనీ 2013 చివర్లో ‘సినిస్టర్ సిక్స్’ సినిమా ప్రకటించింది, 2016 నవంబరులో విడుదలన్నది, తియ్యకుండానే వదిలేసింది. ఆ ఆరుగురూ వేర్వేరు సినిమాల్లో, వేర్వేరు నటుల రూపంలో తెర మీదికి వచ్చినవాళ్లే, క్రేవెన్ అయితే 2024 దాకా ఆగి మరీ వచ్చాడు. ఒకే ఫ్రేములో ఆరుగురూ కనబడింది లేదు. 2021 డిసెంబరులో, ‘పుష్ప’కు సరిగ్గా ఒకరోజు ముందు, తెలుగు డబ్బింగుతో వచ్చిన ‘నో వే హోమ్’లో ఐదుగురు విలన్లు ఉన్నారు, అందరూ ఈ ఆరుగురిలోవాళ్లు కారు. మా హాల్లో ఆక్టోపస్ వంతెన మీద చేతులు చాపగానే పడిన ఈలలు మీరు వినాల్సింది. కానీ అది జట్టు కాదు. ఒక మంత్రం వికటిస్తే వచ్చి పడినవాళ్లు, ఎవరూ ఎవరినీ పిలవలేదు. అందులో ఎవడు బలవంతుడన్న ప్రశ్నకు మార్కుల పట్టిక సరిపోతుంది. ఎందుకంటే ఒకరినొకరు మోసం చేసుకునేంత పరిచయం కూడా వాళ్లకు లేదు.

జట్టు సంగతి మార్కుల్లో తేలదన్న విషయం మార్వెల్ చరిత్రలో బాగా అర్థమైన రచయిత నిక్ స్పెన్సర్ అని నా అభిప్రాయం. 2013లో ఆయనా, బొమ్మల స్టీవ్ లీబరూ చేసిన ‘సుపీరియర్ ఫోస్’లో బూమరాంగ్ నడిపే సినిస్టర్ సిక్స్‌లో ఉన్నది ఐదుగురే. అందరూ మూడో శ్రేణి దొంగలు. ఆరోవాడు ఏడని ఎవరైనా అడిగితే దబాయింపే. పదిహేడు సంచికలపాటు ఒకరి సొమ్ము ఒకరు కాజేస్తారు, ఒకరినొకరు పట్టిస్తారు. షాకర్ లాంటి మెత్తనివాణ్ణి పట్టుకుని అందరూ ఏడిపిస్తారు. అందులో బలాబలాల గొడవే లేదు, ఎవడి మాట ఎవడు నమ్ముతాడన్న గొడవే అంతా. మీ పత్రికల్లో అంత నవ్వు తెప్పించింది ఇంకోటి లేదు. మావాళ్లలో చాలామంది అది చదవనే లేదు, అందులో హల్క్‌ను కొట్టేవాడెవడూ లేడు కనుక.

ఎవణ్ణి గెలిపించాలో రచయిత ఇష్టమని, కాబట్టి ఈ చర్చే దండగని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. నిజమే. క్రికెట్‌లో బ్రాడ్‌మన్ గొప్పా, సచిన్ గొప్పా అన్నది కూడా తేలదు, కాబట్టి చర్చే దండగన్నవాణ్ణి మాత్రం ఎవరూ మళ్లీ టీకి పిలవరు. చర్చ మానమని నేననను. పనికొచ్చే సరుకు ఇవ్వమంటున్నాను.

కోరిక చిన్నదే. విడివిడి పాత్రల పేజీల్లో ఆరు గీతలూ అలాగే ఉంచండి, గ్రూన్‌వాల్డ్ మీద గౌరవంతో. జట్టు పేజీలో మాత్రం ఆ పట్టిక తీసేసి ప్రతి సభ్యుడి పేరు కింద నాలుగు సంగతులు రాయండి. వీణ్ణి జట్టులోకి పిలిచింది ఎవరు. వీడు ఎవరి మాట వింటాడు. ఎప్పుడు ఎదురుతిరిగాడు, ఎందుకు. వీడు లేనప్పుడు జట్టు ఏం చేసింది. ఇవన్నీ మీ పాత సంచికల్లోనే ఉన్నాయి, కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు, ఓపికున్న ఒక సహాయ సంపాదకుడు చాలు. బూమరాంగ్ జట్టు పేజీలో ఆరో పేరు దగ్గర ఖాళీ వదలడం మర్చిపోవద్దు.

శాండ్‌మ్యాన్, ఎలక్ట్రోలలో ఎవడు పైనన్నది మీరు తేల్చే ప్రయత్నం చెయ్యకండి. మీరు ఎవరి పేరు చెప్పినా ఇక్కడ సగంమంది ఒప్పుకోరు. మా తిప్పలు మేం పడతాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ పాఠకుడు